కిరసనాయిలు డబ్బా నుంచి గ్యాస్ బండ దాకా

2000-01లో దేశం వాడిన కిరసనాయిలు దాదాపు 1.1 కోట్ల టన్నులు, వంటగ్యాస్ 70 లక్షల టన్నులు. 2023-24 వచ్చేసరికి గ్యాస్ 3 కోట్ల టన్నులకు చేరువైంది. కిరసనాయిలు 5 లక్షల టన్నుల దగ్గరికి పడిపోయింది. జనం పొయ్యి మార్చారన్నది ఇందులో సగం కథే. మిగతా సగం ధరల్లో ఉంది.

రేషన్ కిరసనాయిలుకీ, బంకులో డీజిల్‌కీ మధ్య ధర తేడా పెరిగినకొద్దీ కిరసనాయిలు ట్యాంకర్లు డీజిల్‌లో కలపడానికి దారి మళ్లేవి. రేషన్ సరుకుకు నీలం రంగు కలిపినా కల్తీ ఆగలేదు. రెండూ మరిగే ఉష్ణోగ్రతలు చాలావరకు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి ఇంజిన్ మామూలుగానే నడుస్తుంది. డీజిల్‌కుండే జిగురే ఇంజెక్షన్ పంపుకు కందెన. అది పలచబడితే పంపు అరుగుతుంది, కానీ ఆ సంగతి బయటపడేది నెలల తర్వాతే.

బంకులో తనిఖీకి 500 మిల్లీలీటర్ల జాడీ, హైడ్రోమీటర్, థర్మామీటర్ కావాలి. వచ్చిన సాంద్రతను పట్టిక చూసి 15 డిగ్రీలకు సరిచేసి, డిపో చలానా మీది అంకెతో పోల్చాలి. ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే అనుమానించాలి. లీటరు డీజిల్ సుమారు 0.83 కిలోలు, కిరసనాయిలు 0.80 కిలోలు తూగుతాయనుకుంటే, పదోవంతు కలిపినా తేడా ఆ 3 కిలోల దగ్గరే ఆగుతుంది. అంటే జల్లెడ కన్నాలు పెద్దవే. అందుకే ఆనాటి కిరసనాయిలు లెక్కల్లో దీపాలకూ స్టవ్‌లకూ వాడింది ఎంతో, లారీల ట్యాంకుల్లోకి పోయింది ఎంతో విడదీయడం కుదరదు.

గ్యాస్ వైపు మళ్లింపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముందే మొదలైంది. 1999లో వచ్చిన దీపం పథకం డ్వాక్రా మహిళలకు కనెక్షన్లు ఇచ్చింది. పేదింటి మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చే ఉజ్వల పథకాన్ని కేంద్రం 2016 మే 1న ప్రారంభించింది. అయితే కనెక్షన్ ఉన్నంతమాత్రాన గిరాకీ ఉన్నట్టు కాదు, లెక్కకు వచ్చేది రీఫిల్లే. 2023-24లో కూడా ఉజ్వల ఇంటికి సగటున ఏడాదికి 14.2 కిలోల బండలు నాలుగు పూర్తిగా వెళ్లలేదు. కట్టెల పొయ్యి ఇంకా పెరట్లోనే ఉంది.

డీజిల్‌దీ ధర కథే. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ వదిలేసి, డీజిల్ ధరను పట్టి ఉంచారు. 2012 మే నెలాఖరుకు ఢిల్లీలో లీటరు పెట్రోలు రూ.73.18, డీజిల్ రూ.40.91. కార్లు కొనేవాళ్లు సహజంగానే డీజిల్ వైపు పోయారు. 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో డీజిల్ ధరనూ వదిలేశారు. 2012-13లో 1.57 కోట్ల టన్నులున్న పెట్రోలు వాడకం 2023-24కు 3.72 కోట్లయింది. అదే కాలంలో డీజిల్ 6.91 కోట్ల నుంచి 8.96 కోట్లకే వెళ్లింది. రైల్వే విద్యుదీకరణ కూడా డీజిల్‌ను కొంత తగ్గించింది.

రిఫైనరీ ఇంత వేగంగా మారలేదు. 1957లో ఏడాదికి 6.75 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన విశాఖ రిఫైనరీ ఇప్పుడు 1.5 కోట్ల టన్నులకు పెరిగింది. అయినా ముడిచమురును ఎంత శుద్ధి చేసినా చేతికొచ్చే వంటగ్యాస్ కొద్ది శాతమే. అందుకే డీజిల్ ఎగుమతి చేసే దేశం వంటగ్యాస్‌లో దాదాపు 60 శాతం దిగుమతి చేసుకుంటోంది.

ఆ దిగుమతి గ్యాస్ దించుకునే చోట్లలో విశాఖ ఒకటి. అక్కడ రాతిలో తొలిచిన గుహలో 60,000 టన్నులు నిల్వ చేయవచ్చు. దానికి ఉక్కు తొడుగు లేదు. 30 డిగ్రీల దగ్గర, వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ పీడనం గాలి పీడనానికి దాదాపు 11 రెట్లు. పది మీటర్ల నీరు ఒక వాతావరణ పీడనంతో సమానం కాబట్టి, వంద మీటర్లు దాటి లోతుకు వెళ్తే రాతి పగుళ్లలోని నీరే గ్యాస్‌ను బయటికి పోనివ్వదు. లోపలికి ఊరిన నీటిని పంపులతో తోడేస్తారు. గుహ నిండా ఉన్నా, దేశం నేటి వాడకానికి ఆ గ్యాస్ ఒక్క రోజు కూడా రాదు.