ఎయిరిండియా అప్పు ఎక్కడ పుట్టింది?

2021 అక్టోబర్ 8న ఎయిరిండియా టాటాల చేతికి వెళ్తోందని కేంద్రం ప్రకటించగానే, సంస్థ గుర్తయిన మహారాజా పుట్టింటికి చేరాడన్న మాట దేశమంతా మార్మోగింది. వినడానికి బాగానే ఉంది. లెక్కలు చూస్తే కథ వేరు. టాటాల బిడ్ విలువ రూ.18,000 కోట్లు. అందులో ఖజానాకు నగదుగా వచ్చింది రూ.2,700 కోట్లే. మిగతా రూ.15,300 కోట్లు సంస్థ అప్పుల్లో టాటాలు నెత్తికెత్తుకున్న వాటా. అప్పటికి మొత్తం అప్పు రూ.61,562 కోట్లు. అంటే మరో రూ.46,262 కోట్లు ప్రభుత్వం మెడకే చుట్టుకున్నాయి. ఇందుకోసమే పెట్టిన ఒక హోల్డింగ్ కంపెనీకి వాటిని బదిలీ చేశారు. ఆ బకాయిలు తీర్చడానికి 2021-22 బడ్జెట్ సవరించిన అంచనాల్లో కేంద్రం అదనంగా రూ.51,971 కోట్లు చూపించాల్సి వచ్చింది. మహారాజా పుట్టింటికి వెళ్లాడు సరే, అప్పులవాళ్లు మాత్రం మన గుమ్మం ముందే మిగిలారు.

ఇంత అప్పు ఎలా పేరుకుంది? సర్కారు నడిపితే ఇంతే అనేది అందరి నోటా ఠక్కున వచ్చే జవాబు. అది సగం నిజమే.

1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి టపా సంచులతో జేఆర్డీ టాటా తానే ఒక చిన్న పుస్ మాత్ విమానం నడుపుకుంటూ అహ్మదాబాద్ మీదుగా బొంబాయి చేరారు. అహ్మదాబాద్‌లో విమానానికి పోసిన పెట్రోలు డబ్బాల్లో, ఎడ్లబండి మీద వచ్చింది. బొంబాయి నుంచి ఆ టపాను ఆయన సహచర పైలట్ నెవిల్ వింట్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. ఈ టపా సర్వీసే టాటా ఎయిర్‌లైన్స్ అయింది, 1946లో ఎయిరిండియాగా పేరు మార్చుకుంది. రెండేళ్ల తర్వాత విదేశీ సర్వీసుల కోసం ఎయిరిండియా ఇంటర్నేషనల్ పెట్టినప్పుడు ప్రభుత్వం 49 శాతం వాటా తీసుకుంది. 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' అనే కాన్‌స్టెలేషన్ విమానం కైరో, జెనీవాల మీదుగా లండన్ బయల్దేరింది.

అదే కాలంలో దేశంలోపల తిరిగే ప్రైవేటు విమాన కంపెనీలు మాత్రం ఊపిరాడక ఉన్నాయి. యుద్ధం ముగిశాక అమెరికన్లు వదిలేసిన డకోటా విమానాలు చవగ్గా దొరకడంతో అందరూ కంపెనీలు పెట్టేశారు. విమానాలు ఎక్కువ, ఎక్కేవాళ్లు తక్కువ. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా వాటిలో ఒకటి. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాద్ కంపెనీయే. 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం తెచ్చి విమాన కంపెనీలను ప్రభుత్వపరం చేసి, ఇలాంటి ఎనిమిది కంపెనీలను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. విదేశీ సర్వీసులు ఎయిరిండియా ఇంటర్నేషనల్‌కు మిగిలాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు చెరిగిపోయింది కానీ హైదరాబాద్‌తో విమానాల బంధం తెగలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్ల శిక్షణ కేంద్రాన్ని ఇక్కడే నడిపింది.

జాతీయీకరణను జేఆర్డీ గట్టిగా వ్యతిరేకించారు. అయినా ఛైర్మన్‌గా ఉండమంటే ఉన్నారు. ఆ తర్వాతి పాతికేళ్లే ఎయిరిండియాకు మంచిరోజులు. అప్పుడు యజమాని ప్రభుత్వమే అన్న సంగతి చాలామంది మర్చిపోతారు. ఆయన విమానం ఎక్కితే ప్రయాణికుడిలా కూర్చునేవాడు కాదు. టీకీ కాఫీకీ రంగులో తేడా లేదని కూడా నోట్ రాసి పంపేవారు. 1960లో బోయింగ్ 707లు వచ్చాయి, రెండేళ్లలోనే సంస్థ పూర్తిగా జెట్ విమానాలకు మారిపోయింది. 1967లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ చేత ఫస్ట్ క్లాసు ప్రయాణికులకు యాష్‌ట్రే డిజైన్ చేయించుకుని, ఫీజు కింద ఆయన కోరిన ఏనుగుపిల్లను స్పెయిన్‌కు పంపించారు. ప్రభుత్వ రంగ సంస్థ చేసిన పనే ఇది! ఆడిట్ వాళ్లు ఆ ఏనుగును ఏ పద్దు కింద రాసుకున్నారో మరి.

1978 ఆరంభంలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం జేఆర్డీని పదవి నుంచి తప్పించింది. అక్కడి నుంచే పతనం అని రాసేవాళ్లున్నారు. అంత సూటిగా తేలే విషయం కాదు. 1985లో ఈ సంస్థ కనిష్క విమానాన్ని పేల్చేసి 329 మందిని పొట్టనపెట్టుకున్నారు. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు అమ్మాన్ నుంచి లక్షకు పైగా భారతీయులను ఈ సంస్థ విమానాలే ముందుండి ఇంటికి చేర్చాయి. 2020 కరోనా రోజుల్లో గల్ఫ్‌లో ఇరుక్కుపోయిన కడప, కోనసీమ, కరీంనగర్ కుటుంబాలకూ వందే భారత్ విమానాలే దిక్కయ్యాయి. 1994లో గుత్తాధిపత్యం పోయి ప్రైవేటు కంపెనీలు వచ్చాక దేశంలోపల పోటీ పెరిగింది. అయినా సంస్థ కుంటుకుంటూ నడిచిందే తప్ప మునిగిపోలేదు.

ముంచింది 2004 నుంచి 2007 దాకా జరిగిన నిర్ణయాలు. మొదట ఎయిరిండియా కొనాలనుకున్నది 28 విమానాలు. మళ్లీ ఆలోచించుకోమని మంత్రిత్వ శాఖ 2004లో చెప్పింది. ఆలోచించాక ఆ సంఖ్య 68 అయింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విడిగా మరో 43 ఎయిర్‌బస్‌లకు ఆర్డర్ ఇచ్చింది. మొత్తం 111. చేతిలో సొమ్ము లేదు, దాదాపు అంతా అప్పే. అదే సమయంలో గల్ఫ్ దేశాల విమాన సంస్థలకు మన ఊళ్ల నుంచి ప్రయాణికులను తీసుకెళ్లేందుకు సీట్లు ధారాళంగా ఇచ్చేశారు. ఒక్క దుబాయ్ వాటాయే వారానికి 54 వేల సీట్లు దాటింది. అంటే అప్పు చేసి విమానాలు కొన్నదొకరు, వాటిలో ఎక్కాల్సిన ప్రయాణికులను ఎత్తుకుపోయింది మరొకరు. ఈ కొనుగోళ్లు మొదటి రోజు నుంచే ప్రమాదకరమని 2011లో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది.

2007లో రెండు సంస్థలనూ కలిపేశారు. ఇదీ కాగ్ తప్పుపట్టిన సంగతే. కలపాలనుకుంటే విమానాలు కొనకముందే కలపాలి, అప్పుడు ఎన్ని కావాలో ఒకే లెక్క తేలేది. పైగా పేరు ఒకటైంది గానీ మనుషులు ఒకటి కాలేదు. ఒకవైపు పైలట్లు త్వరగా కమాండర్లయ్యేవాళ్లు, మరోవైపు ఏళ్లు ఎదురుచూడాలి. జీతాల్లో తేడా, సీనియారిటీలో పేచీ. 2012లో బోయింగ్ కొత్త విమానాలు డ్రీమ్‌లైనర్లు రాబోతున్నాయనగా వాటి శిక్షణకు ఎవరిని పంపాలన్నదాని మీద పాత ఎయిరిండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. ఒకే ఒరలో రెండు కత్తులంటే ఇదే. విలీనం తర్వాత సర్కారు చేతిలో ఉన్నన్నాళ్లూ సంస్థ ఒక్క ఏడాది కూడా నికర లాభం కళ్లజూడలేదు. 2012లో రూ.30 వేల కోట్ల ఆదుకునే ప్యాకేజీ ఇచ్చినా అందులో చాలా భాగం పాత బాకీలకే పోయింది.

అమ్మకం కూడా అంత తేలిగ్గా జరగలేదు. 2017 జూన్‌లో పెట్టుబడుల ఉపసంహరణకు కేబినెట్ సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. 2018 మార్చిలో టీడీపీ ఎన్డీఏ నుంచి తప్పుకోవడంతో ఆయన రాజీనామా చేశారు. అదే నెలాఖరులో 76 శాతం వాటాకు బిడ్లు పిలిచారు. ఒక్కరూ రాలేదు. మిగతా 24 శాతంతో ప్రభుత్వం పక్కనే కూర్చుంటుందంటే ఎవరు కొంటారు? చివరికి నూటికి నూరు శాతం ఇచ్చేస్తామని, అప్పు ఎంత మోస్తారో మీరే చెప్పండని దిగివచ్చాకే కొనేవాళ్లు దొరికారు. 2022 జనవరి 27న చేతులు మారింది.

టాటాలు 2023లో 470 విమానాలకు ఆర్డర్ ఇచ్చారు, 2024 నవంబర్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి నడిపిన విస్తారా విమాన సంస్థను కలుపుకొన్నారు. ఆ విలీనంతో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 25.1 శాతం వాటా వచ్చింది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో డ్రీమ్‌లైనర్ కూలి 260 మంది చనిపోయారు. అప్పటికి విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. ఎగిరిన క్షణాల్లోనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ కటాఫ్‌కు మారాయని ప్రాథమిక నివేదిక చెప్పింది, ఎందుకు మారాయో అందులో తేల్చలేదు. దాన్ని టాటాల ఖాతాలోనో సర్కారు ఖాతాలోనో వేసేయడానికి టీవీ చర్చల్లో పోటీపడ్డారు గానీ, ఆ నివేదిక ఇద్దరిలో ఎవరి వైపూ వేలు చూపలేదు. ప్రమాదం జరిగిన మరుసటి నెలలోనే, సర్కారు హయాంలో కొన్న డ్రీమ్‌లైనర్లలో మొదటిది కొత్త సీట్లు, కొత్త క్యాబిన్ బిగించుకోవడానికి కాలిఫోర్నియా వెళ్లింది. మిగతావి వంతులవారీగా వెళ్లాలి.