జారుడుబల్ల నుంచి మంచువాలు దాకా

తిరుపతిలో పుట్టిన మా మూడేళ్ల పాపకు జారడమంటే పార్కులోని జారుడుబల్లే. మా అమ్మకు మాత్రం చంద్రగిరి దగ్గరి పల్లెలో, తరతరాల పిల్లలు జారి జారి నునుపు చేసిన జారుడుబండ గుర్తుకు వస్తుంది. గత జనవరిలో గుల్మార్గ్ వెళ్లినప్పుడు పాపను మొదటిసారి మంచు మీద స్లెడ్జి, అంటే చక్రాలు లేని చెక్కబండి, ఎక్కించాలనుకున్నాము. 14 కిలోల పిల్ల ఒక్కతే కూర్చుంటే బండి దూసుకుపోతుందేమోనని, వాళ్ల నాన్న ఒడిలో ఉంటే ఆ బరువుకు నిదానిస్తుందని మా అమ్మ నమ్మకం.

నిజానికి బండిని కిందికి లాగే గురుత్వ బలమూ, దానిని అడ్డగించే ఘర్షణా రెండూ బరువుతో పాటే పెరుగుతాయి కనుక, పాప ఒక్కతే జారినా నాన్నతో కలిసి జారినా వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా తెచ్చేవి ఎత్తు, నేల నునుపు. బయలుదేరిన ఎత్తును ఘర్షణ గుణకంతో (నేల బండిని ఎంతగా పట్టి ఆపుతుందో చెప్పే అంకెతో) భాగిస్తే, బండి ఆగేలోగా అడ్డంగా ఎంత దూరం పోతుందో సుమారుగా తెలుస్తుంది. మంచు మీద ఆ గుణకం 0.1 అనుకుంటే, 1 మీటరు ఎత్తుకు 10 మీటర్లు, 5 మీటర్ల ఎత్తుకు 50 మీటర్లు కావాలి. అందుకే చిన్నపిల్లలకు వాలు ఎంచుకునేటప్పుడు పైభాగం కంటే ముందు దిగువన చెట్టు, రాయి, గోడ లేని చదును ఎంత ఉందో చూడాలి.

మంచుకు ఆ జారుడు గుణం ఎలా వచ్చింది? పైనున్న బరువు ఒత్తిడికి మంచు కరుగుతుందని చాలామంది చదువుకున్నాము. కానీ ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పెరిగితే మంచు కరిగే ఉష్ణోగ్రత 0.0075 డిగ్రీలే తగ్గుతుంది. వెడల్పాటి స్లెడ్జి కలిగించే ఒత్తిడి అందులో చిన్న భాగం మాత్రమే. మంచు ఉపరితలాన సన్నని ద్రవపు పొర సహజంగానే ఉంటుందని 1850లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఊహించాడు. రాపిడి వేడికి పుట్టే నీటి పొర వల్లనే జారుడు ఎక్కువవుతుందని 1939లో బౌడెన్, హ్యూస్ అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపారు. ఈ రెండు కారణాలనూ నేటి శాస్త్రం కలిపి చూస్తుంది.

వేగాన్ని మార్చని బరువు, ఆగేటప్పుడు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాట ప్రతి తల్లికీ తండ్రికీ చేరాలని నా తపన. పార్కులో పిల్లను ఒడిలో పెట్టుకుని జారుతుండగా ఆమె రబ్బరు చెప్పు బల్ల అంచుకు తగులుకుంటే, ఒంటరిగా జారే పాప 14 కిలోల ఊపుతో ఆగేది. ఇప్పుడు వెనకనున్న 60 కిలోల నాన్న ఊపు కూడా ఆ లేత ముంగాలి ఎముకనే మెలిపెడుతుంది. పసిపిల్లల కాళ్లు ఇలా విరగడం ఎముకల వైద్యులకు బాగా తెలిసిన గాయం. ప్రేమతో చేసిన పనే గాయానికి కారణమవుతుంది. జారుడుబల్ల మీద పిల్లను తనంతట తాను జారనిచ్చి, పక్కనే నడుస్తూ చేయి అందించడమే మేలు. (మన ఎండల్లో లోహపు బల్లను ముందు అరచేత్తో తాకి చూడడం మరవకూడదు.)

మంచు మీద మూడేళ్ల పిల్లను ఒంటరిగా వదలలేము కనుక అక్కడ లెక్క వేరు. పెద్దవారు వెనక కూర్చున్నా, పాప కాళ్లు వారి కాళ్ల మధ్య, బండి లోపలే ఉండాలి. పసివారి తల శరీరంతో పోలిస్తే పెద్దది, బరువైనది. అందుకే బోర్లా పడుకుని తల ముందుకు పెట్టి జారనివ్వకూడదు, తలకు హెల్మెట్ ఉండాలి.

మేము నా నడుమెత్తు, అంటే సుమారు మీటరు ఎత్తున్న వాలునే ఎంచుకున్నాము. నాన్న వెనక, పాప ముందు. బండి ఆగాక బయలుదేరిన గీత దాకా నడుస్తూ నా అంగలతో కొలిచాను. లెక్క ప్రకారం పది మీటర్లకు పద్నాలుగు అంగలు రావలసింది, పదకొండే వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఎండకు మంచు మెత్తబడి, ఎక్కువైన నీరు బండి అడుగును పట్టి లాగుతున్నది. పాప మాత్రం అప్పటికే తాడు పట్టుకుని పైకి నడుస్తున్నది.