రీలు పెట్టె పోయింది, తాళాలూ పోయాయి

అద్దె వద్దు, పర్సంటేజీ ఇవ్వాలంటూ 2025 జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు థియేటర్ల వాళ్లు. తర్వాత బంద్ ఏమీ లేదని ఫిలిం ఛాంబర్ చెప్పేసింది. అయినా మంట చల్లారలేదు. మే 24న ఆంధ్ర డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ కార్యాలయం నుంచి పరిశ్రమ మంచి 'రిటర్న్ గిఫ్ట్' ఇచ్చిందన్న ఎత్తిపొడుపు ప్రకటన, అక్కడి సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేష్ విచారణ ఆదేశాలు, హాళ్లన్నీ గుప్పిట పట్టారనే 'ఆ నలుగురి'లో నేను లేనంటూ నిర్మాత అల్లు అరవింద్, మే 26 సోమవారం లెక్కలతో సహా నిర్మాత, డిస్ట్రిబ్యూటర్ దిల్ రాజు... ఇవన్నీ అందరూ చూసినవే. ఆ నలుగురు ఎవరన్న చర్చా ఏళ్లుగా నలుగుతున్నదే. అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఇన్ని హాళ్లు కొద్దిమంది చేతికి ఎలా వెళ్లాయి? లాక్కున్నారా?

లాక్కోలేదు, ఓనర్లే ఇచ్చారు. ఎందుకిచ్చారో తెలియాలంటే రీలు పెట్టె దగ్గరికి వెళ్లాలి.

ఇరవై ఏళ్ల కిందట ప్రింటు అంటే ఖరీదైన సరుకు. ఒకే ప్రింటును పక్కపక్క హాళ్లలో నడిపేవారు. ఇక్కడ మూడో రీలు అయిపోగానే పెట్టె స్కూటరెక్కి అక్కడికి పరిగెత్తేది. బండి దారిలో ఆగితే ఇంటర్వెల్ సాగేది, క్యాంటీన్లో ఇంకో వాయి సమోసాలు వేసేవాళ్లు. ఎ సెంటర్లో, అంటే నగరంలో ఆడాక బి సెంటరు పట్టణాలు, ఆ తర్వాతే సి సెంటరు చిన్న ఊళ్లు. చిన్న ఊరి ఓనరుకు బొమ్మ ఆలస్యంగా వచ్చేది కానీ తక్కువ రేటుకు వచ్చేది. ఒకటి పోతే వెనకే ఇంకోటి. హాలు ఏడాది పొడవునా ఆడేది.

బొమ్మను డిజిటల్‌గా హాలుకు చేర్చే క్యూబ్, యూఎఫ్‌ఓ కంపెనీలు వచ్చాక పెట్టెతో పనిలేకుండా పోయింది. మండల కేంద్రంలోనూ మొదటి రోజే బొమ్మ! ఓనర్లు బ్యానర్లు కట్టి మరీ పండగ చేసుకున్నారు. నా లెక్కలో కథ తిరిగింది సరిగ్గా ఇక్కడే. అందరికీ ఒకేసారి పడిన సినిమా అందరికీ ఒకేసారి అయిపోతుంది. సెకండ్ రన్ అన్నమాటే పోయింది. పెద్ద హీరో బొమ్మ పడిన రెండు వారాలు తప్ప మిగతా రోజులన్నీ ఖాళీ కుర్చీలు, కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, పైగా ప్రొజెక్టర్ కంపెనీ అద్దె.

బయ్యర్, అంటే బొమ్మ కొని హాళ్లలో ఆడించే డిస్ట్రిబ్యూటర్ సంగతి దీనికి తిరగేసి. మొదటి మూడు రోజుల్లోనే పెట్టుబడి లాగాలి. అంటే ఆ మూడు రోజులూ ఊళ్లో వీలైనన్ని హాళ్లు తన గుప్పిట్లో ఉండాలి. అందుకే అడ్వాన్సు పట్టుకుని ఓనరు గుమ్మం తొక్కాడు. హాలు లీజుకిస్తే బొమ్మ ఆడినా ఆడకపోయినా నెలకింత. ఓనరు కొడుకేమో అమెరికాలో, హాలు చూసేవాళ్లు లేరు. నేను మాట్లాడిన ఓనర్లు ఒక్కొక్కరూ కొద్ది మార్పులతో ఇదే చెప్పారు. ఎవరూ బెదిరించారని అనలేదు. ఊపిరి పీల్చుకున్నామనే అన్నారు.

నైజాంలో, అంటే సినిమా వ్యాపారం భాషలో తెలంగాణలో, ఈ అవసరాన్ని అందరికంటే బాగా చదివినది ఏషియన్ సినిమాస్. దాన్ని నడిపిన నారాయణదాస్ నారంగ్ ఫైనాన్స్, డిస్ట్రిబ్యూషన్ రెండూ తెలిసిన మనిషి. తర్వాత నిర్మాత సురేష్‌బాబు సంస్థ కూడా జతకలిసింది. దిల్ రాజు ఆ సోమవారం చెప్పిన ప్రకారం నైజాంలో 370 సింగిల్ స్క్రీన్లుంటే తమ వైపు 30, ఏషియన్, సురేష్‌లవి కలిపి 90, మిగతా 250 ఓనర్లవే. ఆ అంకెలతో నాకు పేచీ లేదు. కానీ సంక్రాంతికి కావలసింది 370లో వాటా కాదు, ఆ రోజు ఆ సెంటర్లో ఆ హాలు. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'కు ఒప్పుకున్న హాళ్లలో బొమ్మ వేయడం లేదని నిర్మాతల మండలి ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఏషియన్ హాళ్ల గొలుసు మలుపు తిరిగింది 2018 డిసెంబరులో. గచ్చిబౌలిలో మహేష్‌బాబుతో కలిసి ఏఎంబీ మల్టీప్లెక్సు, ఏడు స్క్రీన్లు. తర్వాత విజయ్ దేవరకొండతో మహబూబ్‌నగర్‌లో ఏవీడీ, 2023లో అమీర్‌పేట సత్యం థియేటర్ స్థలంలో అల్లు అర్జున్‌తో ఏఏఏ. పాత హాలు లీజుకు తీసుకోవడం నుంచి హీరో పేరుతో కొత్తది కట్టడం దాకా వచ్చారు.

మల్టీప్లెక్సులో వసూళ్లను హాలు, బయ్యర్ పర్సంటేజీ మీద పంచుకుంటారు. సింగిల్ హాల్లో పెద్ద సినిమాకు మొదటి వారం హాలుకు దక్కేది అద్దె, కలెక్షన్ పడిపోయాక పర్సంటేజీ. అంటే నిండిన వారం బయ్యర్‌ది, ఎండిన వారం హాలుది. ఓనర్ల మొర ఇదే. నిర్మాతల జవాబు పొట్టిది: మేం కోట్లు పెట్టాం, రిస్కు మాది. లీజుదారే బయ్యర్ కూడా అయితే అద్దె అయినా పర్సంటేజీ అయినా ఈ జేబులోంచి ఆ జేబులోకి. నొప్పి తెలిసేది సొంతంగా నడుపుకునే ఆ 250లోని మనిషికే. వాడి దగ్గర తీసుకునేందుకు అందరూ ఉన్నారు. 2021 ఏప్రిల్లో ఆంధ్రలో జీవో 35 వచ్చి పంచాయతీల్లో నాన్ ఏసీ నేల టికెట్‌ను 5 రూపాయలు చేసింది. 20కి పెరగడానికి మరుసటేడు మార్చి దాకా ఆగాలి. తెలంగాణలో 2018లో తీసేసిన పార్కింగ్ ఫీజు సింగిల్ హాళ్లకు 2021 జూలైలో గానీ తిరిగి దక్కలేదు. 2024 మేలో అయితే వేయడానికి బొమ్మల్లేక వాళ్లంతట వాళ్లే పదిరోజులు మూసుకున్నారు. అప్పుడు ఏ మంత్రీ విచారణ వేయలేదు.

అరవింద్ మాటల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. తన చేతిలో ఉన్నవి పదిహేను లోపేనని, లీజు గడువు తీరినవి పొడిగించొద్దని తన వాళ్లకు చెప్పానని అన్నారు. అంటే తాళాలు తిరిగి ఓనర్ల దగ్గరికి వస్తున్నాయి. మా వైపు హాలు ఓనరు ఒకాయనకు ఫోన్ చేసి, మళ్లీ నడుపుతారా అని అడిగాను. "తెర ఉన్నచోట పెళ్లి స్టేజీ సరిపోతుంది కానీ, వంటశాలకు జాగా చాలట్లేదండీ" అన్నాడు.