కూర్చోలేడని పడుకోబెట్టి తినిపించకండి

సీపీ, అంటే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లలతో మా థెరపీ సెంటర్‌కి వచ్చే అమ్మలు ముందు అడిగేది "నడుస్తాడా మేడమ్?" అని. నేను ముందు అడిగేది "అన్నం ఎలా పెడుతున్నారు?" అని. దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "కూర్చోలేడు కదా, కాళ్ళమీద పడుకోబెట్టుకుని పెడతాను."

ఈ పిల్లలకి అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తున్న అపోహ ఇదే. నెలల బిడ్డకి ఉగ్గు పట్టినట్టు మూడేళ్ళవాడికి తల వెనక్కి వాల్చి పప్పన్నం పోస్తే, అది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. అలా మాటిమాటికీ నిమ్ము, మాటిమాటికీ ఆసుపత్రి. ఇంట్లోవాళ్ళేమో చల్లగాలి తగిలిందంటారు. "దగ్గలేదు కదా, మింగేశాడు" అని ధైర్యపడకండి. కొందరికి దగ్గు రాకుండానే లోపలికి పోతుంది. తినేటప్పుడు కళ్ళలో నీళ్ళు, తిన్నాక గొంతులో గురగుర ఉన్నాయేమో చూడండి.

బోరబండ నుంచి వచ్చే ఒకమ్మ కొడుకుని మామూలు ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చోబెట్టాం. నడుముకి రెండువైపులా చుట్టిన తువ్వాళ్ళు, పాదాల కింద పీట, గడ్డం కాస్త కిందికి. స్పూను పైనుంచి కాకుండా ఎదురుగా తెచ్చి, సగం స్పూను మెత్తటి కిచిడీ పెట్టించాం. మింగాకే ఇంకోటి. వాళ్ళ నాయనమ్మ "బిడ్డ అలిసిపోతున్నాడు" అని ఒకటే బాధ. కానీ వాడు తింటూ అమ్మ మొహం చూస్తున్నాడు. పడుకున్నన్నాళ్ళూ వాడికి కనబడింది పైకప్పే. తిన్నాక కూడా అరగంట అలాగే కూర్చోబెట్టమన్నాం.

గ్రహణంలో బయటికొచ్చినందుకే ఇలా అయిందన్న మాట దయచేసి నమ్మకండి, ఎవరన్నా సరే. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు ఆక్సిజన్ అందకపోవడం, పసికందుకి కామెర్లు ముదరడం, మెదడుకి ఇన్‌ఫెక్షన్... కారణాలు ఇలాంటివి. కొందరిలో కారణమే దొరకదు. తల్లి తప్పు కాదు. సీపీ ఉన్న ప్రతి బిడ్డకీ బుద్ధి తక్కువ ఉండదు. స్టెమ్‌సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల కోసం బంగారం తాకట్టు పెట్టకండి, 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో సీపీకి ఆ చికిత్స ఆమోదం లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా మాత్రం ఉంది, ఏడాదికి లక్ష దాకా, చేర్పించండి.

అన్నం తినడానికి రోజూ అరగంట దాటుతున్నా, బరువు పెరగకపోయినా డాక్టర్‌కి చెప్పండి. ఈసారి థెరపీకి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే గిన్నె, స్పూను, ఒక పూట తిండి తెచ్చుకోండి. మా ముందే తినిపించండి.