భృతి పెరిగిందా, జీతం తరిగిందా? బెర్లిన్ ఉద్యోగుల కేసు వెనక కథ

బెర్లిన్‌లో ప్రభుత్వ జీతాల గొడవ 2025 నవంబరులో మళ్లీ రాజుకుంది. 2008 నుంచి 2020 వరకు ఆ నగర రాష్ట్రం ఇచ్చిన జీతాల్లో, పరిశీలించిన వాటిలో సుమారు 95 శాతం రాజ్యాంగం ఒప్పనంత తక్కువని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. వెంటనే పాత మాటే మళ్లీ వినిపించింది: నిరుద్యోగ భృతి మరీ ఎక్కువైపోయింది, అందుకే జీతాలు వెలవెలబోతున్నాయి అని.

అసలు మలుపు 2006 సెప్టెంబరులో ఉంది. అప్పటిదాకా ఈ జీతాలకు దేశమంతటా ఒకే చట్టం. రాజ్యాంగ సవరణతో ఆ అధికారం రాష్ట్రాలకు వెళ్లింది. అప్పుల్లో ఉన్న బెర్లిన్ ఏళ్ల తరబడి జీతాలు పెంచలేదు. పోలీసులు, ఫైర్ సిబ్బంది లాంటి శాశ్వత ఉద్యోగులకు అక్కడ సమ్మె హక్కు లేదు. 2018లో కోర్టు కూడా ఆ నిషేధం సరైనదేనంది. మరి వాళ్లు కోర్టుకు కాక ఎక్కడికి వెళ్లాలి?

2020 మే 4న బెర్లిన్ జడ్జీల కేసులో లెక్క బయటపడింది. ఒకరి సంపాదన మీద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు బతికే ఇల్లు అనుకుందాం. అలాంటి ఇంటికి భృతి కింద వచ్చేదానికంటే అతి చిన్న ఉద్యోగి చేతికందే జీతం కనీసం 15 శాతం ఎక్కువ ఉండాలన్నది కోర్టు నియమం. 2009 నుంచి 2015 వరకు ఏ ఒక్క ఏడాదీ బెర్లిన్ ఆ గీత దాటలేదు.

ఆ భృతి ఎంతో కూడా చూద్దాం. 2024లో పదేళ్ల, పదిహేనేళ్ల పిల్లలున్న జంటకు నెలకు 1,873 యూరోలు, అద్దె, హీటింగ్ ఖర్చు వేరు. నలుగురూ గడిపేందుకు కావలసిన కనీసం అదే. దాన్ని తగ్గిస్తే పోలీసు ఇంట్లో ఒక్క యూరో కూడా పెరగదు.

కొన్ని రాష్ట్రాలు మూల వేతనం పెంచకుండా, జీవిత భాగస్వామి కూడా సంపాదిస్తారని ఊహించి లెక్క సరిపెట్టాయి. బవేరియా రాష్ట్రం ఏడాదికి 20,000 యూరోలు అలా ఇంటి ఆదాయంలో కలిపింది. ఈ రోజుల్లో ఇద్దరూ పనిచేస్తున్నారు కదా అన్నది వాటి వాదన. కానీ పసిబిడ్డతో ఇంట్లో ఉన్న తల్లికి ఆ డబ్బు ఎవరిస్తారు?

కొత్త తీర్పు భృతితో పోలికనే పక్కన పెట్టింది. ఇకపై మధ్యస్థ ఆదాయంలో, అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే ఆదాయంలో, 80 శాతం కొలమానం. బెర్లిన్ 2027 మార్చి 31లోగా చట్టం సవరించాలి. అయితే పాత బకాయిలు అప్పట్లోనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పినవాళ్లకే. ప్రభుత్వాన్ని నమ్మి ఊరుకున్నవాళ్లకు ఆ 13 ఏళ్ల డబ్బు రాదు.