గోడ మీది అడవి, కాగితంలోని పనికిరాని నేల

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి చిత్తడి నేలను అక్కడివాళ్లు బీల అంటారు. వానల నీరు అందులో నిలుస్తుంది. ఆ నీటి మీదే చుట్టుపక్కల పొలాలు, పశువులు, చేపలు పట్టేవాళ్ల బతుకులు ఆధారపడ్డాయి. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం దాన్నే కాగితాల్లో పనికిరాని భూమి అని రాశారు. 2010 జూలై 14న అడ్డుకున్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అంతే. దానికి దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. ఏటా పెలికాన్లు వచ్చి గూళ్లు కట్టుకునే ఊరది.

ఒకే నేల ఒకరికి బీల, ఇంకొకరికి బంజరు. గొడవకు మూలం ఈ చూపులోనే ఉంది. చూపు మార్చడం చిత్రకారుల పని కాబట్టే ఈ జిల్లాలో పర్యావరణం గురించి మాట్లాడేటప్పుడు నేను కళ దగ్గరికి వెళ్తాను.

ఆ పని ఇక్కడ కొత్తది కాదు. సీతంపేట కొండల్లోని సవర గిరిజనులు (2022 నుంచి ఆ మండలం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది) ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. ఒడిశా వైపు వీటిని ఇడితాల్ అంటారు. జబ్బు చేసినా, పంట వేళ వచ్చినా, పెద్దల ఆత్మలకు ఇల్లు కట్టినట్టు ఒక చట్రం గీసి అందులో మనుషుల్ని, చెట్లని, జంతువుల్ని, సూర్యచంద్రుల్ని నింపుతారు. అలంకారం కోసం వేసేవి కావివి. 1955లో సవరల మతం మీద పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ గోడల మీద సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా చూశాడు. తమ కాలంలో వచ్చిన ప్రతిదాన్నీ వాళ్లు అడవి పక్కనే నిలబెట్టారన్నమాట. సమకాలీన కళ అంటే ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత బొమ్మ గోడ దిగి గుడ్డ మీదికి, కాగితం మీదికి వచ్చింది. అమ్మకానికి అది తప్పదు, గీసేవాళ్లకు నాలుగు డబ్బులు రావాలి కూడా. కానీ బియ్యప్పిండి స్థానంలో అక్రిలిక్ రంగు చేరింది. అడవిని కాపాడమని చెప్పే బొమ్మే ప్లాస్టిక్ పూతగా మారడం నన్ను బాధిస్తుంది.

1982లో జర్మనీలోని కాసెల్‌ నగరంలో కళాకారుడు జోసెఫ్ బాయిస్ ఏడు వేల ఓక్ చెట్లు నాటే పని మొదలుపెట్టాడు. ఒక్కో చెట్టు పక్కన ఒక్కో నల్లరాయి పాతించాడు. ఆయన 1986లో చనిపోయాడు, పని మరుసటి ఏడాది పూర్తయింది. చెట్టు ఎదుగుతుంది, రాయి అలాగే ఉంటుంది. చూసేవాడికి కాలం కనిపిస్తుంది.

బీల గట్టున అలాంటి పని చేయాలంటే ఓక్ చెట్లు అక్కర్లేదు. వానాకాలంలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఏటా గోడ మీద ఎర్రమట్టితో ఒక గీత గీస్తే చాలు. కాగితంలో లేని నీరు గోడ మీద ఉంటుంది.