రేసింగ్ గేమ్ మిర్రర్‌లో చెట్లు ఎటు పోయాయి?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ప్లేస్టేషన్‌లో కారు రేసు ఆడుతుంటే ముందు అద్దంలోంచి చెట్లు, జనం, నీడలు అన్నీ చక్కగా కనిపిస్తాయి. పైనున్న మిర్రర్‌లో చూస్తే మాత్రం సగం చెట్లు ఉండవు, జనం అసలే ఉండరు, వెనకొచ్చే కారు రోడ్డుకి జానెడు ఎత్తున తేలుతున్నట్టు ఉంటుంది. ఇంత ఖరీదైన మెషీన్‌కి అరచేతంత అద్దం చూపించడం ఎందుకు చేతకాదు?"

ఈ ఒక్క మిర్రర్‌ని గట్టిగా పట్టుకుంటే చాలు, కన్సోల్ గేములు తయారుచేసేవాళ్లు చేసే బేరాలన్నీ బయటపడతాయి. అందుకే టెరాఫ్లాప్ అంటే ఏమిటి, పిక్సెల్ అంటే ఏమిటి అన్న పాఠాలు వదిలేసి నేరుగా మిర్రర్‌లోకే వెళ్దాం.

గోడమీది అద్దానికి పని లేదు. కాంతి వచ్చి తగులుతుంది, తిరిగి పోతుంది. గేమ్‌లో అసలు కాంతే లేదు. కార్లూ చెట్లూ అన్నీ త్రిభుజాలతో అల్లినవే; గ్రాఫిక్స్ చిప్ ఆ లక్షల త్రిభుజాలను ఒక్కొక్కటిగా తీసుకుని, "ఇది స్క్రీన్ మీద ఏయే పిక్సెళ్లను కప్పుతుంది?" అని మాత్రమే లెక్కవేస్తుంది. కెమెరాకి వెనకున్న వస్తువులను ఆ లెక్కలోకి రానివ్వకుండా ముందే పక్కకు తీసేస్తారు. కాబట్టి మిర్రర్ కావాలంటే అడ్డదారి లేదు. వెనక్కి తిరిగిన రెండో కెమెరా పెట్టాలి, ప్రపంచాన్ని మళ్లీ మొదటినుంచీ చిన్న బొమ్మగా గీయాలి, ఆ బొమ్మను మిర్రర్ మీద అతికించాలి.

అతికించేటప్పుడు కొత్తవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. వెనక్కి తిరిగిన కెమెరాకి డ్రైవర్ ఎడమచెయ్యి వైపు ఉన్నది కుడివైపు పడుతుంది. బొమ్మను అడ్డంగా తిప్పకపోతే, ఎడమవైపు నుంచి దాటబోతున్న కారు మిర్రర్‌లో కుడివైపు కనిపించి ఆటగాడు నేరుగా దానికే అడ్డం వెళ్తాడు. పోనీ గీసేటప్పుడే ప్రపంచాన్ని తిప్పేద్దామంటే, త్రిభుజాల మూలల వరస సవ్యం నుంచి అపసవ్యానికి మారిపోతుంది. ఆ వరసను బట్టే ముందు వెనకలు గుర్తుపట్టే చిప్ ముందు వైపును వెనక వైపు అనుకుని తీసేస్తుంది, కారు లోపలి డొల్ల మాత్రమే మిగులుతుంది. ఆ వరస గుర్తును కూడా తిప్పి చెప్పాలి.

ఇప్పుడు సమయం సంగతి. సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 కొత్త బొమ్మలు, కావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.67 మిల్లీసెకన్లు. దీన్ని నెలవారీ ఖర్చులా అనుకుంటే పొరపాటు, ఇది అమీర్‌పేట మెట్రో లాంటిది. తలుపు మూసుకున్నాక రెండడుగుల దూరంలో ఆగినా, కింద మెట్ల దగ్గర ఆగినా ఎక్కేది తర్వాతి రైలే. మామూలు 60 హెర్ట్జ్ టీవీ ప్రతి 16.67 మిల్లీసెకన్లకి ఒకసారే కొత్త బొమ్మ తీసుకుంటుంది. ఫ్రేము 17 మిల్లీసెకన్లకి సిద్ధమైతే అది కంటికి చేరేది 33.33 దగ్గర. మూడో వంతు మిల్లీసెకను ఆలస్యానికి పూర్తి ఫ్రేము జరిమానా. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 83.3 మీటర్లు పోతుంది, ఫ్రేముకి 1.39 మీటర్లు. ఒక ఫ్రేము జారితే కారు 2.78 మీటర్లు ఒక్కసారిగా దూకుతుంది. బ్రేకు వేసే చోటు చూసుకుంటున్న ఆటగాడికి అది వెంటనే తెలిసిపోతుంది. వేరియబుల్ రిఫ్రెష్ ఉన్న టీవీలు రైలును కాస్త ఆపి ఉంచుతాయి, కానీ అందరి ఇళ్లలో అవి లేవు. గేమ్ అందరికోసం తయారుకావాలి.

నమూనాకి ఒక ఫ్రేము ఖర్చు వేద్దాం: నీడలకి 2.5 మిల్లీసెకన్లు, ముందు దృశ్యానికి 7, కారు మీద ప్రతిబింబాలకి 1.5, చివరి మెరుగులకి 3. మొత్తం 14. మిర్రర్‌కి 1.2 ఇస్తే 15.2. మిగిలిన 1.47 పొగకి, వానకి, పొరపాట్లకి. ఇందులోంచి మిర్రర్‌కి ఇంకో మిల్లీసెకను ఎవరూ ఇవ్వరు.

ఇక్కడే ఒక అనుమానం రావాలి. మిర్రర్ 512×128 పిక్సెళ్లు, అంటే 65,536. ముందు దృశ్యం 1920×1080, అంటే 20,73,600. నూటికి మూడు పాళ్లు. మూడు పాళ్ల బొమ్మకి మూడు పాళ్ల ఖర్చే కదా?

కాదు. ఒక కారు మనకి 60 మీటర్ల వెనక ఉందనుకుందాం. మిర్రర్ కెమెరా చూపు వెడల్పు 60 డిగ్రీలు. అంత దూరంలో 512 పిక్సెళ్లలో ఇమిడేది 69 మీటర్ల వెడల్పు. రెండు మీటర్ల కారుకి దక్కేది 15 పిక్సెళ్లు, ఎత్తుకి 9. మొత్తం మీద 130 పిక్సెళ్ల కారు. ముందు దృశ్యం కోసం తయారుచేసిన లక్ష త్రిభుజాల మోడల్‌నే ఇక్కడా వాడితే ఒక్కో పిక్సెల్‌కి 750కి పైగా త్రిభుజాలు! మూలలన్నిటినీ లెక్కకట్టే పని బొమ్మ చిన్నదైనంత మాత్రాన తగ్గదు. పైగా చిప్ రంగులు వేసేది రెండు బై రెండు పిక్సెళ్ల గడులుగా. త్రిభుజం ఒక్క పిక్సెల్‌నే కప్పినా నాలుగు పిక్సెళ్ల పని జరుగుతుంది, మూడు వృథా. చిన్న బొమ్మలో వివరమైన మోడల్ పెట్టడం ఇందుకే అన్నిటికన్నా చెడ్డ బేరం.

అందుకని ప్రతి కారుకి నాలుగైదు రకాల మోడళ్లు చేస్తారు, లక్ష త్రిభుజాల నుంచి వెయ్యి దాకా. మిర్రర్‌కి సాధారణంగా కింది మెట్టుది ఇస్తారు. మారే దూరం ఒక్కటే పెడితే, ఆ గీత మీద ఊగే కారు రెండు రూపాల మధ్య మినుకుమినుకుమంటుంది. దూరమయ్యేటప్పుడు 60 మీటర్ల దగ్గర, దగ్గరయ్యేటప్పుడు 50 దగ్గర మారేలా పెడితే అది ఆగుతుంది.

చెట్ల సంగతికి ఇప్పుడు సిద్ధమయ్యాం. రేసులో 20 కార్లున్నాయి. మీరు చివర ఉంటే 19 కార్లూ ముందు దృశ్యంలో, మిర్రర్ ఖాళీ. మీరు మొదట ఉంటే 19 కార్లూ మిర్రర్‌లో, ముందు ఖాళీ. మధ్యలో ఉంటే పంచుకుంటాయి. ఎలా చూసినా పోటీ కార్ల మొత్తం 19 దాటదు! ఆ ఖర్చు అటూఇటూ జరుగుతుందే తప్ప రెట్టింపు కాదు. రెట్టింపయ్యేవి రెండు వైపులా ఉండేవి: రోడ్డు, కంచెలు, చెట్లు, గ్యాలరీలో జనం. వీటిలో రోడ్డు తీసేయలేరు. చెట్టు ఆకులు చిల్లుల కాగితాల్లాంటివి, ఒకదాని వెనక ఒకటి పడి అదే పిక్సెల్‌కి పదిసార్లు రంగు వేయిస్తాయి. జనం సంఖ్య వేలల్లో. ఆటగాడు మిర్రర్ చూసేది వెనక కారు ఎటు వస్తోందో తెలుసుకోవడానికి, చెట్టు దానికి పనికిరాదు. కాబట్టి కత్తెర పడేది చెట్టుకీ జనానికీ. ఈ నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైనదే.

కారు తేలడానికి కారణం వేరు. సూర్యుడి నీడల పటాలను, అంటే ఎండ ఎక్కడ పడదో చెప్పే బొమ్మలను, ముందు కెమెరా చూసే ప్రాంతానికి సరిగ్గా సరిపోయేలా, దగ్గరకి వివరంగా, దూరానికి పలచగా మూడు నాలుగు పొరలుగా గీస్తారు. వెనక ఉన్న రోడ్డు ఆ పటాల్లో ఉండనే ఉండదు. మిర్రర్ కోసం మళ్లీ గీస్తే ఇంకో రెండు మిల్లీసెకన్లు. చవకైన మందు ఏమిటంటే ప్రతి కారు కింద మసక నల్లటి మచ్చ ఒకటి అతికించడం. అది కూడా మానేసిన గేముల్లో కారు గాల్లో ఉన్నట్టుంటుంది. ఇది మాత్రం బద్ధకమే, ఆ మచ్చకి అయ్యే ఖర్చు లెక్కలోకి రానిది.

ఇంకో పొదుపు: మిర్రర్‌ని ఫ్రేము విడిచి ఫ్రేము గీయడం, సెకనుకి 30 సార్లు. వానా పొగా కూడా ఉన్నప్పుడు తెలివితక్కువగా చేస్తే ఒక ఫ్రేము 15.8, తర్వాతిది 17 మిల్లీసెకన్లు అవుతుంది. సగటు 16.4, కాగితం మీద బాగానే ఉంది, కానీ ప్రతి రెండో ఫ్రేమూ రైలు తప్పిపోతుంది. సగటు చూసి మురిసిపోవడం ఈ పనిలో పెద్ద మూఢనమ్మకం. మిర్రర్ లేని ఫ్రేములో అంతే బరువున్న వేరే పని పెట్టాలి. ఆ పని సిద్ధంగానే ఉంటుంది: కారు పెయింటు మీది మెరుపు.

నిగనిగలాడే బానెట్ కూడా అద్దమే, పైగా వంపులున్న అద్దం. దానికోసం కారు చుట్టూ ఆరు దిక్కుల బొమ్మలు గీసి ఒక డబ్బాలా మడిచి, పెయింటు ఆ డబ్బాలోంచి రంగు తీసుకునేలా చేస్తారు. ఒక్కో ముఖం 256×256 అయితే ఆరూ కలిపి 3,93,216 పిక్సెళ్లు, అంటే ప్రపంచాన్ని మరో ఆరుసార్లు గీయడం. అందుకని ఫ్రేముకి ఒక్క ముఖమే గీస్తారు. ఆరు ముఖాలూ తిరిగేసరికి 100 మిల్లీసెకన్లు, 300 వేగంలో 8.3 మీటర్లు. మైండ్‌స్పేస్ అండర్‌పాస్ లాంటి చోట అంత వేగంతో దూరితే బానెట్ మీద ఆకాశం ఒక క్షణం అలాగే ఉండిపోయి ఆ తర్వాత దీపాలు పాకుతాయి. కింది ముఖం ఎలాగూ రోడ్డే కాబట్టి దాన్ని ఒక బూడిద రంగుతో సరిపెట్టి, ఐదు ముఖాలకే దించితే 83 మిల్లీసెకన్లు. మిర్రర్ గీసిన ఫ్రేములో ముఖం మానేసి, తర్వాతి ఫ్రేములో రెండు ముఖాలు గీస్తే తూకం కుదురుతుంది.

పగిలిన అద్దం ఇంట్లో ఉంటే అరిష్టమంటారు. ప్రతి ముక్కా అదే పరావర్తన నియమంతో తన వంతు బొమ్మ చూపిస్తూనే ఉంటుంది. గేమ్‌లో మిర్రర్ పగిలి ఐదు ముక్కలైతే ఐదు కోణాలు, ఐదు కెమెరాలు. అంత ఖర్చు పెట్టలేరు కాబట్టి ఒకే బొమ్మను ముక్కముక్కకీ కాస్త జరిపి అతికిస్తారు. మూడు మిర్రర్లున్న కారుకీ ఇదే ఉపాయం: వెనక ఒకే వెడల్పాటి బొమ్మ గీసి మూడు చోట్లా మూడు భాగాలు కత్తిరించి పెట్టడం.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగిన 2.83 కిలోమీటర్ల, 18 మలుపుల ట్రాక్‌ని గేమ్‌లో పెట్టాలనుకుందాం. చెరువు నీళ్లు ఇంకో అద్దం. నీటిలో బుద్ధుడి విగ్రహం కనపడాలంటే మళ్లీ ఇంకో కెమెరా కావాలి, లేదా స్క్రీన్ మీద ఇప్పటికే గీసిన పిక్సెళ్లలోంచి వెతికి తెచ్చుకోవాలి. రెండోది చవక. కానీ స్క్రీన్ మీద లేనిది దానికి తెలియదు. కారు పైకప్పు విగ్రహం తలను కప్పగానే నీటిలో కూడా తల మాయమవుతుంది. ఇక మిర్రర్‌లో కనిపించే చెరువు అంటే అద్దంలో అద్దం. అక్కడ ముందే తీసి పెట్టుకున్న కదలని బొమ్మ ఒకటి పరిచేయడం తప్ప దారి లేదు.

హార్డ్‌వేర్ మారితే బేరం మారుతుంది. 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360లో గీయడానికి 10 ఎంబీల ప్రత్యేక మెమరీ ఉండేది. 1280×720 పిక్సెళ్లకి రంగుకి 4 బైట్లు, లోతుకి (వస్తువు ఎంత దూరంలో ఉందో గుర్తుంచుకోవడానికి) 4 బైట్లు వేస్తే 7 ఎంబీ, సరిపోయింది. అంచులు నునుపుగా రావాలని పిక్సెల్‌కి 4 నమూనాలు తీసుకుంటే 28 ఎంబీ. తెరను మూడు ముక్కలుగా గీయాలి, ముక్కల సరిహద్దు మీద పడ్డ కారును రెండుసార్లు గీయాలి. 2010లో ప్లేస్టేషన్ 3 మీద గ్రాన్ టురిస్మో 5 అనే రేసింగ్ గేమ్ ఇంకో దారి పట్టింది. 1080పీ మోడ్‌లో వెడల్పును 1920 నుంచి 1280కి తగ్గించి, మూడో వంతు పిక్సెళ్లు మిగుల్చుకుని 60 ఫ్రేముల కోసం పోరాడింది. 2018లో ఫోర్జా హొరైజన్ 4 ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ మీద ఆ ఎంపికను ఆటగాడికే వదిలింది: 4కే కావాలంటే 30 ఫ్రేములు, 60 ఫ్రేములు కావాలంటే 1080పీ.

రే ట్రేసింగ్ (ఒక్కో కిరణం దేనికి తగులుతుందో లెక్కకట్టి బొమ్మ గీసే పద్ధతి) వస్తే మిర్రర్ సమస్య తీరిపోవాలి, 65,536 కిరణాలు పంపితే సరి. నిజంగానే అందులో ఖర్చు పిక్సెళ్లను బట్టే ఉంటుంది. కానీ కిరణం దేనికి తగులుతుందో వెతకడానికి ప్రపంచమంతా పెట్టెలో పెట్టెగా అమర్చిన పట్టిక ఉండాలి. కార్లు కదులుతాయి కాబట్టి దాన్ని ప్రతి ఫ్రేమూ సరిచేయాలి. ఆకుల చిల్లుల దగ్గర కిరణం ఆగి "ఇది ఆకా, ఖాళీయా?" అని ప్రతిసారీ అడగాలి. పక్కపక్క కిరణాలు వేర్వేరు వస్తువులకి తగిలితే మెమరీలో దూరదూరంగా ఉన్న టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే పైపూత బొమ్మలు) తెచ్చుకోవాలి, అక్కడే చిప్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. 2022లో గ్రాన్ టురిస్మో 7 ప్లేస్టేషన్ 5 మీద రే ట్రేసింగ్‌ను రీప్లేలకీ గ్యారేజీకీ ఫొటోలకీ పరిమితం చేసి, రేసుకి పాత డబ్బానే ఉంచడానికి కారణాలివి. రేసు నడుస్తుండగా ఒక కారు ఇంకో కారు మీద ప్రతిబింబించడం ఆ గేమ్‌లో 2024లో ప్లేస్టేషన్ 5 ప్రోతో వచ్చింది.

మీ గేమ్ ఏ బేరం చేసిందో ఇంట్లోనే కనిపెట్టొచ్చు. కారు లోపలి వ్యూ పెట్టి, టీవీని ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీయండి. ఆ వీడియోను ఒక్కో ఫ్రేముగా జరుపుతూ చూడండి. గేమ్ 60లో నడుస్తుంటే ముందు రోడ్డు ప్రతి 4 వీడియో ఫ్రేములకి ఒకసారి కదులుతుంది. మిర్రర్‌లో బొమ్మ 8 ఫ్రేముల పాటు కదలకుండా ఉంటే, దాన్ని ఫ్రేము విడిచి ఫ్రేము గీస్తున్నారు.